చుక్కలు సక్కగ పెట్టిన పాపం

నాకు వంకర కనవడితే చెయ్యి ఆగదు. బస్సుల ముందు సీటామె కొప్పుల పువ్వు పక్కకు జారితే దాన్ని సర్దబుద్దైతది. గోడకు క్యాలెండర్ ఒక దిక్కు వంగి ఉంటే గా ఇంట్ల చాయ తాగినా నాకు రుచి తెల్వదు. ఇది నా ఒక్కదాని తప్పు కాదు, మా ఇంటి రోగం. మాది సిరిసిల్ల. మా బాపు సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేస్తడు. అవ్వ కండెలు చుడుతది. ఒక్క పోగు తప్పినా బట్టకు మచ్చే. "చూపు సక్కగుంటే పోగు సక్కగుంటది బిడ్డా" అని బాపు చిన్నప్పటికెళ్లి నా చెవుల పోసిండు. గా మాట పట్టుకోనే నేను ఒక పెద్ద చదువుల మేడం కొంప ముంచబోయిన.

అప్పుడు తెలంగాణ కొట్లాట జోరు మీదున్నది. నేను పది పాసై, ఇంటర్ల రెండు సబ్జెక్టులు పోయి, టైపింగ్ నేర్చుకోని జగిత్యాలల మా చిన్నమ్మ ఇంట్ల ఉంటున్న. బస్టాండు దగ్గర ఒక జిరాక్సు, డీటీపీ దుకాణంల పని. దుకాణం ఆయనను అన్నా అని పిలుస్త. అన్నకు పెండ్లి కార్డులంటే పాణం. గా రోజులల్ల పెండ్లిల్ల కన్న కరపత్రాలే ఎక్కువ. పొద్దుగాల ఒకలు వచ్చి "రేపు బంద్" అని కొట్టిపిచ్చుకుంటరు, మధ్యాహ్నం ఇంకొకలు వచ్చి "ఎల్లుండి రాస్తారోకో" అంటరు. "విజయవంతం చేయగలరు" అనే మాట నాకు కండ్లు మూసుకోని కొట్టుడు అలవాటైంది. ఒకసారి పరధ్యానంల ఓణీల ఫంక్షన్ కార్డు మీద కూడ గదే కొట్టిన. అన్న మస్తు తిట్టిండు. కార్డులోల్లు మాత్రం "మంచిగున్నది, ఉండనీ" అని తీస్కపోయిండ్రు.

గా దుకాణంలకే మేడం వచ్చింది. కోరుట్ల ఆమె. వాళ్ల అబ్బా కోరుట్లల టైలరు. ఈమె ఇంజనీరింగు చదివి, జగిత్యాల దిక్కు ఒక కాలేజీల పాఠాలు చెప్తది. రోజు కోరుట్ల నుంచి బస్సుల వచ్చి పోతది. నల్ల బురఖా, భుజానికి ఒక సంచి, చేతుల ఒక మిఠాయి డబ్బ. డబ్బల మిఠాయేమో అనుకోని నేను ఆశగ చూసిన. మూత తీస్తే పగిలిన బిళ్లలు. అద్దం లెక్క కనవడేటి మందం ప్లాస్టిక్ బిళ్లలు, ఒక్కోదానికి నడుమ గుండ్రంగ తొర్ర, అంచుకు ఒక చిన్న గాటు.

"వీటిని నేనే మిషన్ల పెట్టి గుంజి పగులగొట్టిన" అన్నది మేడం, ఎవరన్న పిల్లల ఫోటో చూపెట్టినంత మురిపెంగ.

"ఎందుకు మేడం?"

"పగులు ఎటు పోతదో, పర్రె యాడ మలుగుతదో చూద్దామని."

అన్న లోపల నుంచి తొంగి చూసి నాతోని మెల్లగ అన్నడు: "నాలుగేండ్ల సంది పీహెచ్‌డీ చేస్తుందట. నువ్వు ఏమనకు, కొట్టిచ్చినంత కొట్టు."

కొట్టిన. రెండేండ్లు కొట్టిన. గా ఫార్ములలు కొట్టుడంటే ఇసుకల ఆవాలు ఏరినట్టే. కరెంటు ఎప్పుడు పోతదో తెల్వదు, మూడు లైన్లకొకసారి సేవ్ కొట్టుకోవాలె. నా నోటికి వచ్చిన బూతులన్ని గా రెండేండ్లల్ల వచ్చినయే. కానీ ఒక్క అంకె తప్పు పోలే. మేడం ఎర్ర పెన్ను పట్టుకోని దిద్దుదామని కూసుంటది, పెన్ను మూత తీయకుండనే లేస్తది. "నీ చేతులు బంగారం చెల్లె" అంటది. గా మాటకే నేను సగం చెడిపోయిన.

కరెంటు పోయినప్పుడల్లా ఇద్దరం దుకాణం మెట్ల మీద కూసునేది. అప్పుడు అడిగిన, ఇంతకు మీరు చేసేది ఏంది మేడం అని.

"ఒక బిళ్ల ఉన్నది. దానికి పర్రె వచ్చింది. గా పర్రె ముందుకు ఎట్ల నడుస్తదో, యాడ మలుగుతదో పగులకముందే కంప్యూటరు చెప్పాలె. వంతెనకైనా, బాయిలర్‌కైనా పనికొస్తది. అందరు ఏం చేస్తరంటే బిళ్ల బొమ్మ మీద ఒక వల పరుస్తరు, గళ్లు గళ్లు. పర్రె ముందుకు జరిగినప్పుడల్లా గా వలను కోసి మల్ల అల్లాలె."

"చీరె చినిగినప్పుడల్లా మొత్తం చీరె మల్ల నేసినట్టు."

"శభాష్. నా పద్ధతిల అసలు వలనే లేదు. ఉత్త చుక్కలు."

"దారం లేకుండ బట్ట ఎట్లైతది?"

"ప్రతి చుక్క తన చుట్టు ఒక వాడకట్టు గీసుకుంటది. గా వాడకట్టుల ఉన్న చుక్కలను అడుగుతది, మీరెంత జరిగిన్రు, మీరెంత గుంజుకపోయిన్రు అని. వాళ్లు చెప్పినదాన్ని బట్టి తన సంగతి చెప్తది. దగ్గరోల్ల మాటకు విలువ ఎక్కువ, దూరపోల్ల మాటకు తక్కువ."

"ఇది మా వాడనే మేడం. మరి పర్రె?"

"పర్రె నడుమల గోడ లెక్క లేస్తది. గోడకు ఇటున్న చుక్కకు అటున్న చుక్క కనవడదు. కనవడకపోతే ముచ్చట బంద్."

"మా అవ్వకు, మా పెద్దమ్మకు నడుమ గోడ లేచి ఏడేండ్లు. ముచ్చట బంద్. కానీ మా ఇంట్ల కూర మాడితే ఆమెకు ఎర్కైతది, ఆమె ఇంట్ల కోడలు అలిగితే మా అవ్వకు ఎర్కైతది. గోడ కొసకెళ్లి తిరిగొస్తది వార్త."

మేడం నవ్వి నవ్వి బురఖా కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. "గది కూడ ఒక పద్ధతే. దాని మీద నాకు ఒక చాప్టర్ ఉన్నది. నువ్వే కొట్టినవ్."

కొట్టిన మరి. ఏం కొట్టిననో అప్పుడు తెలిసింది.

ఇగ అసలు ముచ్చట. ఒకరోజు మేడం రెండు పెద్ద గ్రాఫు కాయితాలు తెచ్చింది. బిళ్ల బొమ్మ, అంచుకు గాటు, నడుమ తొర్ర, దాని నిండ పెన్సిల్ చుక్కలు. ఎనిమిది వందల చిల్లర ఉంటయి. ఒక్కో చుక్క అడ్డం ఎంత, నిలువు ఎంత అని చూసి రెండు వరసలల్ల అంకెలు కొట్టియ్యాలె. "కాలేజీల తీరక, ఇంట్ల తీరక, బస్సుల కూసోని పెట్టిన" అన్నది.

బస్సుల అన్నది చూడుండ్రి, గక్కడనే నా బుర్ర పాడైంది.

కాయితం ముందల పెట్టుకోని చూస్తే అంచులకు చుక్కలు సక్కగ, ఎడం ఎడంగ ఉన్నయి. గాటు కొస దగ్గరికి వస్తే ఒక్క తాన కుప్ప. తొర్ర చుట్టు కూడ కుప్ప. ఒకదాని మీద ఒకటి పడ్డట్టు, వంకర టింకర. కోరుట్ల రోడ్డు గుంతలు నాకు తెల్వయా? బస్సు ఎగిరేసినప్పుడల్లా పెన్సిల్ ఎగిరింది, ఒకటే చుక్క రెండు మూడు సార్లు పడ్డది, పాపం మేడం చూసుకోలే. నాకు అట్ల అర్థమైంది. పాణం కొట్టుకున్నది. గంత చదువుకున్న మనిషి కాయితం గిట్లనా ఇచ్చేది పెద్ద సార్లకు?

సర్దిన. కుప్పల కాడ ఎక్కువ పడ్డయి అనుకున్నవి తీసేసిన. మిగిలినవి అటొకటి ఇటొకటి జరిపి, వరసకు వరస, మా బాపు పడుగు పోగుల లెక్క కొలత మీద నిలవెట్టిన. రెండు రోజులు పట్టింది. మేడంకు చెప్పలే. మంచి పని చేసి చెప్పుకుంటే పుణ్యం పోతది కదా.

మేడం ఫైలు తెరిచి నాలుగు తావుల కాయితంతోని పోల్చి చూసింది. నాలుగూ అంచులవే. నాలుగూ బరాబర్. "బంగారం" అన్నది. "కాయితాలు నీ దగ్గరనే పెట్టు, మల్ల అక్కరొస్తే అడుగుత."

గా వారం సిరిసిల్ల పోయినప్పుడు కాయితాలు తీస్కపోయిన, బాపుకు చూపెట్టి మురుద్దామని. బాపు ఒక్కో చుక్క వేలుతోని తడిమిండు.

"గీడ గుంపెందుకున్నది బిడ్డా?"

"బస్సు కుదుపు బాపు. నేను సర్దిన."

"కుదుపుకు పడ్డట్టు లేవే. కావాల్నని పెట్టినట్టున్నయి. సాంచె కాడ నిలవడ్డోడు అన్ని పోగుల మీద ఒక్క తీరు చూపు పెట్టడు. తెగేటట్టున్న పోగు మీదనే నాలుగు కండ్లు పెడ్తడు."

"నీకు తెల్వది తీయ్ బాపు, ఇది ఇంజనీర్ల పని."

బాపు గా కాయితాలు కార్ఖానల గోడకు అంబలి రాసి అతికిచ్చిండు, దేవుని పటం పక్కన. వచ్చినోల్లకు పోయినోల్లకు "మా బిడ్డ జగిత్యాలల ఇంజనీర్ల పని చేస్తది" అని చెప్పుకునుడు.

ఆ తర్వాత రెండు నెలలల్ల మేడం చిక్కిపోయింది.

కంప్యూటర్ల పర్రె మలుగుతలేదట. మిఠాయి డబ్బల ఉన్న బిళ్లలల్ల పర్రె గాటు కాడ మొదలై జర దూరం సక్కగ పోయి, తొర్ర దగ్గరికి రాంగనే దాని దిక్కు మలిగి అండ్ల పడుతది. ఒక్కటి కాదు, అన్ని బిళ్లలూ గంతే. కంప్యూటర్ల మాత్రం తొర్ర పక్కకెళ్లే సక్కగ పోతది, తెల్వనోల్ల ఇంటి ముందలికెళ్లి పోయినట్టు. ఆమె ప్రోగ్రాం తెర మీద పర్రె గీత ఒక్కటే చూపిస్తది, చుక్కలను చూపియ్యదు. ఫార్ములల్ల వెతికింది, ప్రోగ్రాంల వెతికింది, దూరపోల్ల మాటకు విలువ తగ్గిచ్చింది, పెంచింది. నా టైపింగుల మాత్రం వెతకలే. బంగారం కదా.

ఒకరోజు మెట్ల మీద కూసోని చెప్పింది: "గైడు సారు ఫోన్ చేసిండు. ఇప్పటికే ఒకసారి గడువు పొడిగిచ్చిన్రు. వచ్చే సోమవారం వరకు ఈ లెక్క కలిసి మెయిల్ పోవాలె. లేకుంటే రిజిస్ట్రేషన్ అయిపోతది."

"అయిపోతే?"

"ఆరేండ్లు బూడిదల పోసినట్టు. మల్ల ఒకటి నుంచి." సంచి ఒళ్లెకు గుంజుకున్నది. "నా పద్ధతే తప్పేమో చెల్లె. వల పరిచినోల్లే తెలివిగల్లోల్లేమో."

నేను ఏం చేసిన? చాయ తెప్పిచ్చిన. "తప్పు మీది కాదు మేడం, కంప్యూటర్‌దే" అన్న. నా కడుపుల ఒక్క అనుమానం లేదు. గది తలుసుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతయి.

అప్పటికి బస్సోల్లు సమ్మెల ఉన్నరు. మేడం కోరుట్లలనే ఇంట్ల ఉండిపోయింది. శనివారం నాడు జగిత్యాలల వంటా వార్పు. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వండుకోని అక్కడనే తిని బండ్లు ఆపేటి కొట్లాట గది. మా వాడ ఆడోల్లందరం పోయినం. నా వంతుకు సర్వపిండి వచ్చింది. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, కరివేపాకు కలిపి గంజుకు ఒత్తి, వేలుతోని తొర్రలు పెట్టి, తొర్రకొక చుక్క నూనె పోసి కాలుస్తం కదా. మూడు గంజులు నావే. తొర్రలన్ని కొలిచినట్టు వరసగ పెడుతుంటే చిన్నమ్మ అన్నది, "పోలీసులు అచ్చేలోపు ఒకటన్న కాల్తదా, నువ్వు ముగ్గేస్తున్నవా?"

మొదటిది బాగ కర్రుమన్నది. అన్న వచ్చి చెయ్యి చాపిండు. కొసకు పట్టుకోని విరిచిన. పర్రె కర్రున సగం దూరం సక్కగ పోయి, మలిగి, తొర్రల పడ్డది.

నేను గా ముక్కను చూసుకుంట నిలవడ్డ.

"ఇస్తవా, మొక్కుతవా?" అన్నడు అన్న.

ఇంకొకటి విరిచిన. మలిగింది. ఇంకొకటి. మలిగింది. తొర్ర కనవడితే సాలు, పర్రె చుట్టపిల్ల లెక్క గా దిక్కే ఉరుకుతది. అన్న చేతుల నాలుగు ముక్కలు పెట్టిన గని ఆయన ఏమంటుండో వినవడతలేదు. బాపు మాట వినవడుతున్నది. కావాల్నని పెట్టినట్టున్నయి బిడ్డా. తెగేటట్టున్న కాడనే నాలుగు కండ్లు.

గుంపు బస్సు పెట్టలే. మేడమే పెట్టింది. గాటు కొస కాడ, తొర్ర అంచు కాడ, యాడనైతే సంగతి జరుగుతదో గాడ చుక్కలను ఎక్కువ నిలవెట్టింది, ఏం జరుగుతుందో దగ్గరికెళ్లి చూసి చెప్పుమని. రోడ్డు దిక్కు చూసిన. పోలీసు వ్యాను ఆగిన కాడనే జనం కుప్ప. అటు దూరంగ ఊకె నిలవడ్డోల్లు ఇద్దరు ముగ్గురు. నేను ఏం చేసిన? గా కుప్పల సగం మందిని ఇంటికి పంపి, మిగిలినోల్లను లైన్ల నిలవెట్టిన. ఇగ పర్రె యాడ మలుగుతదో చెప్పేటోడెవడు?

"అన్నా, నేను మేడంను ముంచిన" అన్న.

మొత్తం చెప్పిన. అన్న సర్వపిండి నముల్తనే విన్నడు. "ఓణీల కార్డు నయ్యం" అన్నడు ఆఖరికి.

మేడంకు ఫోన్ చేసిన. "హలో చెల్లె" అన్నది. గొంతు బాగ నీరసంగున్నది. "వంటా వార్పు మంచిగైంది మేడం" అని పెట్టేసిన. ఫోన్ల చెప్పే ముచ్చట కాదది. గ్రాఫు కాయితాలు చేతుల పెట్టి చెప్పాలె. కాయితాలేమో సిరిసిల్లల గోడకు అతుక్కోని ఉన్నయి.

ఆదివారం తెల్లారంగనే బయలెల్లిన. బస్సుల్లేవు. వేములవాడ గుడికి కోడె మొక్కు తీర్చబోతున్న ఒక కుటుంబం ట్రాలీ ఆటోల ఎక్కిన. దేవుని బండిని ఎవ్వరు ఆపరు, గదొక్కటే ధైర్యం. దారంత వాళ్లల్ల ఒక ముసలామె అడుగుడే: "నువ్వేం మొక్కుకున్నవ్ బిడ్డా?"

"చుక్కలు మల్ల ఎక్కడియి అక్కడ పడాల్నని."

"గ్రహాలు బాగలేవా?" అని ఆమె నాకు కూడ కలిపి దండం పెట్టింది.

వేములవాడకెళ్లి సిరిసిల్ల దగ్గరే, ఒక ఆటో దొరికింది. కార్ఖానల బాపుకు సంగతి చెప్పిన. "నేను చెప్పిన కదనే" అని ఒక్క మాట అనలే. అంటేనన్న బాగుండు. తడి బట్ట తెచ్చి కాయితం మీద ఒత్తి, అంబలి నానినంక అంచుకెళ్లి మెల్లగ లేపిండు. ఒక కొసకు చినుగుడు మొదలైంది. బాపు చినుగు ముందల బొటనవేలు అదిమి పట్టిండు, ఆగిపోయింది.

"దీనికి కంప్యూటర్ అక్కర్లేదు" అన్నడు, గంతే.

బాపు మోపెడ్ మీదనే కోరుట్లకు బయలెల్లినం. కథలాపూర్ దాటినంక రోడ్డుకు అడ్డం ముండ్లకంప, పది పన్నెండు మంది.

"యాడికి పెద్దాయన? బంద్ అని ఎర్క లేదా? గా చుట్టల ఏమున్నది?"

"చుక్కలు" అన్నడు బాపు.

విప్పి చూసిండ్రు. అందరు తలకాయలు ఒక్కదాని మీద పెట్టిండ్రు. "ఇది తెలంగాణ మ్యాపానే?" అన్నడొకడు. "నడుమల గీ తొర్ర ఏంది?"

నాకు ఏం చెప్పాల్నో తోచక అన్న: "ఈ పక్కకెళ్లి పర్రె మొదలైతది అన్నా. అటిటు పోయి ఆఖరికి గా తొర్రలనే పడాలె."

"అరె, గది హైదరాబాద్ రా" అన్నడు వెనుకకెళ్లి ఒకడు. "ఎవడు ఎటు కెళ్లి మొదలువెట్టినా ఆఖరికి లొల్లి గాడికే."

నవ్వుకుంట కంప గుంజిండ్రు. బాపుతోని, నాతోని జై తెలంగాణ అనిపిచ్చినంకనే వదిలిండ్రు. మేం ఎట్లైనా అందుమనుకో.

కోరుట్లల మేడం ఇంట్ల వాళ్లమ్మ తలుపు తీసింది. "ఆవో బేటీ, బిడ్డ రెండు రోజుల సంది అన్నం ముడుతలేదు, నువ్వన్న చెప్పు" అన్నది. మేడం లోపల నేల మీద కూసోని ఉన్నది, చుట్టు కాయితాలు, ముందల మిఠాయి డబ్బ.

నిలవడే చెప్పిన. కూసుంటే నోరు రాదని. బస్సు కుదుపు, సర్దుడు, తీసేసిన చుక్కలు, అంబలి, అన్ని. మేడం నా దిక్కు చూసింది. గా చూపు నన్ను ఇంకెవ్వరు చూడద్దు. లేచి లోపలికి పోయింది. బాపు టోపీ చేతుల పట్టుకోని గుమ్మం కాడనే నిలవడ్డడు. వాళ్లమ్మ చాయ తెచ్చింది. నేను గ్లాసు పట్టుకున్న గని తాగలే.

మేడం వచ్చింది. ముఖం కడుక్కోని ఉన్నది.

"ఎన్ని తీసేసినవ్?"

"నూట ముప్పై దాక మేడం."

"గాటు కొస కాడ?"

"గాడనే ఎక్కువ. మరీ ఘోరంగ ఉండె."

"ఘోరంగ ఉండె" అన్నది మేడం మెల్లగ. "రెండు నెలలు ఫార్ములను తిట్టిన. మా అమ్మను తిట్టిన. ఇప్పుడు ఫార్ములను మాఫీ అడగాలె, అమ్మను మాఫీ అడగాలె." అని నేల మీద కూసోని నవ్వు మొదలువెట్టింది. నవ్వో ఏడుపో వాళ్లమ్మకు కూడ తెల్వలే, పోయి వీపు నిమిరింది. "కూసో" అన్నది నాతోని. "నేను సదువుత, నువ్వు కొట్టు. ఒక్కటి జరిపినవంటే వేళ్లు కోస్త."

కొట్టిన. కరెంటు లేదు, ఇన్వర్టర్ ఎంతసేపు ఆగుతదో తెల్వదు. ఒక్కో వంకర చుక్క కొట్టుతుంటే పన్నుల రాయి పడ్డట్టే ఉండె, కానీ కొట్టిన. ఒకటి మాత్రం నిజంగనే మరీ దగ్గరగ ఉండె. "ఇది మాత్రం బస్సే కావచ్చు మేడం" అన్న. ఆమె కాయితం కండ్ల దగ్గర పెట్టుకోని చూసింది. "అవును, ఇది బస్సే" అన్నది. గా ఒక్కటి తీసేసినం. నాకు జర ఇజ్జత్ దక్కింది.

పొద్దు వాలంగ మేడం అసర్ నమాజు చదివొచ్చి ప్రోగ్రాం నడిపిచ్చింది. తెర మీద పర్రె ఒక్కో అడుగు పడుతది. ఒక అడుగు పడ్డంక చుక్కలన్ని మల్ల వాడకట్టు ముచ్చట పెట్టుకోవాలె, గంతసేపు మనం ఆగాలె. వాళ్లమ్మ, బాపు, నేను, అందరం క్రికెట్ చూసినట్టు కూసున్నం. అడుగు. సక్కగనే. అడుగు. సక్కగనే. ఇన్వర్టర్ కుయ్యిమన్నది.

"మలుగవే" అన్నడు బాపు తెరతోని, దారం తెగుతున్న సాంచెతోని మాట్లాడినట్టు.

ఆరో అడుగుకు జర వంగింది. ఏడుకు ఇంక జర. మేడం మిఠాయి డబ్బలకెళ్లి బిళ్ల తీసి తెర పక్కన పట్టింది. తెర మీది పర్రె, బిళ్ల మీది పర్రె, ఇద్దరక్కచెల్లెండ్ల లెక్క ఒక్క తీరు మలిగి తొర్రల పడ్డయి. మేడం బిళ్లను చెంపకు ఆనిచ్చుకున్నది. ఇన్వర్టర్ ఆగేలోపే మెయిల్ పెట్టింది. అప్పుడు వాళ్లమ్మ ఉరికి ప్లేట్లు తెచ్చింది. రెండు రోజుల అన్నం ఒక్కసారి తిన్నది మేడం. నేను, బాపు కూడ తక్కువేం తినలే.

పొద్దుగూకకముందే బాపు బండి తీసిండు. నేను నా తప్పు ఫైలు తీసెయ్యబోతుంటే మేడం చెయ్యి పట్టుకున్నది.

"వద్దు. గది నాకు కావాలె."

నన్ను ఏడ్పిచ్చనీకే అనుకున్న. కాదు. గా తర్వాత దుకాణంల మొత్తం పుస్తకం కొట్టేటప్పుడు ఒక పేజీల రెండు బొమ్మలు పక్క పక్కన పెట్టిపిచ్చింది. ఒకదాంట్ల చుక్కలు సమానంగ సర్దితే పర్రె ఎట్ల తప్పిపోయి సక్కగ పోతదో. ఇంకొకదాంట్ల కొస కాడ, తొర్ర కాడ గుంపుగ పెడితే ఎట్ల మలిగి దొరుకుతదో. బొమ్మ కింది మాటలు కూడ నాతోనే కొట్టిపిచ్చింది. అన్న వెనుక నిలవడి చదివి, "మొత్తానికి విజయవంతం చేసినవ్" అన్నడు.

మేడంను పరీక్ష చేసిన పెద్ద సారు మిగితా పేజీలన్ని తొందరగ తిప్పిండట. గా పేజీ కాడ ఆగి, చుక్కలను గింత సక్కగ ఎవరు పెట్టిన్రు అని అడిగిండట. "మా సిరిసిల్ల చెల్లె" అన్నదట మేడం. పాసైంది. మిఠాయి డబ్బల ఈసారి నిజం మిఠాయే తెచ్చింది. నేను మూత తీసే ముందల రెండుసార్లు ఊపి చూసిన.

పుస్తకం అట్ట వేసి వచ్చినంక బాపుకు చూపెట్టిన. గా పేజీ తీసి ఇద్దరం శానసేపు చూసినం. రెండో బొమ్మనే కరెక్టని ఇద్దరికి ఎర్కే. బాపు అటు ఇటు చూసి, ఎవరు లేరని తెలిసినంక, మొదటి బొమ్మ మీద వేలు పెట్టిండు.

"ఏదేమైనా బిడ్డా, ఇదే సక్కగున్నది."

నాకూ గట్లనే ఉన్నది.